ఎడమ పక్క లోయ

కొత్త బండి చెక్కపెట్టెలోంచి బయటికొచ్చినప్పుడు షెడ్డులో అందరూ చక్రాల వంక చూశారు. ఆమె ఒక్కతే సీటు వంక చూసింది.

చక్రాలు చూడదగ్గవే మరి. నాలుగూ లావుగా, బుగ్గలు పూరించినట్టున్నాయి. వాటి మీది గాళ్లలో వేలు సగందాకా దూరుతుంది. రోడ్డుతో పనిలేని బండి అది. బురదైనా, గులకరాళ్లైనా, గుట్టవాలైనా ఎక్కి దిగుతుందట. ఆ షాపుకి ఇలాంటిది రావడం అదే మొదలు. మెకానిక్కులు చేతిలో పనులు వదిలేసి చుట్టూ మూగారు. ఓనరుగారు కాలు నేల మీద ఆనకుండా అటూ ఇటూ తిరుగుతూ, "గ్రీజు చేతులు తుడుచుకుని ముట్టుకోండయ్యా!" అని అందర్నీ కసురుతున్నారు.

ఆమె ఆ షాపులో సీట్లు కుడుతుంది. సీట్లక్క అంటారు అందరూ. చిరిగిన సీటేదైనా వెనకగదిలో ఆమె బల్ల మీదికే వస్తుంది. పాత రెక్సిను ఊడదీయాలి, కుంగిన స్పాంజిని కత్తితో చెక్కి కొత్త ముక్క అతకాలి, పైన కొత్త రెక్సిను ముడత పడకుండా లాగి కుట్టాలి. కాబట్టి ఏ బండి వచ్చినా ముందు సీటు చూడటం ఆమెకి అలవాటే. ఆ రోజు మాత్రం ఆమె చూసింది వేరే సంగతి. దాని మీద ఇద్దరు పడతారా, లేదా?

పొడుగ్గానే ఉంది. ప్రాణం లేచొచ్చింది ఆమెకి. దగ్గరికెళ్లి జానతో కొలిచింది కూడా. అప్పుడు కనబడింది సీటు కింద అంటించిన పసుపుపచ్చ స్టిక్కరు. అందులో ఒక మనిషి బొమ్మ, వెనకాల ఇంకో మనిషి బొమ్మ. వెనకాల మనిషి మీద ఎర్రగా అడ్డగీత.

"అదేంటండీ, ఇంత పొడుగుంది కదా?" అంది ఓనరుగారితో.

"ఆ పొడుగు ఇద్దరి కోసం కాదమ్మా. ఎక్కేటప్పుడు ముందుకి జరగాలి, దిగేటప్పుడు వెనక్కి జరగాలి. నడిపేవాడు జరుగుతుండాలి, అందుకే ఆ చోటు. ఒక్కరి బండి ఇది."

పక్కనే ఓనరుగారి బావమరిది ఉన్నాడు. అమ్మకాల గదిలో కూర్చుంటాడు, నోరు మాత్రం షెడ్డంతా తిరుగుతూ ఉంటుంది. "అయ్యయ్యో అన్నా! ఇప్పుడెలాగ నీకు? సీట్లక్క లేకుండా ఎప్పుడైనా గుట్టెక్కావా?" అన్నాడు, బండికి అటుపక్క నిలబడ్డ ఆమె భర్తతో.

షెడ్డంతా గొల్లుమంది. ఆమె భర్త కూడా నవ్వాడు. నవ్వుతూ మెడ కొంచెం ఎడమకి తిప్పాడు, బావమరిది మొహం కుడికంటికి అందేలాగ. ఆ తిప్పడం ఆమె తప్ప ఎవరూ చూడలేదు.

ఆ షాపులో ట్రయలు చూసేవాడు అతనే. కొత్తదైనా, రిపేరు చేసిందైనా, బండిని గుట్ట చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చి, "బాగుంది" అని అతను అంటేనే అది షెడ్డు దాటుతుంది. అతనితోపాటు ఆమె కూడా వెనకాల ఎక్కుతుంది. సీటు ఎలా ఉందో కూర్చుంటేగానీ తెలీదు అనేది ఆమె చెప్పే కారణం. జనం చెప్పుకునేది ఇంకోటి. మొగుడి మీద నమ్మకం లేక కాపలా తిరుగుతుందని కొందరు, ఈ వయసులో ఆ సరదా ఏంటని కొందరు. ఆమె విననట్టు ఊరుకుంటుంది.

అసలు సంగతి వాళ్లిద్దరికే తెలుసు. అతనికి ఎడమ కన్ను కనబడదు.

గ్రైండరు దగ్గర ఎగిరిన ఇనపరజను చేసిన పని అది. పైకి కన్ను కన్నులాగే ఉంటుంది. రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే అని చెప్పలేదు. సర్దుకోలేదు. చెప్పాల్సిన వేళ దాటిపోయాక ఇక చెప్పడానికి నోరు రాలేదు. ఒంటికన్నువాడికి గుట్టదారి ఎవరిస్తారు? నీళ్లగొట్టం చేతికిచ్చి బండ్లు కడగమంటారు. అందుకని ఆమె వెనకాల ఎక్కింది. ఆమె ఎడమచెయ్యి అతని ఎడమ భుజం మీద ఉంటుంది. ఒక్కసారి తడితే రాయి. నొక్కి పట్టుకుంటే అంచు దగ్గరపడిందని. చొక్కా వెనక్కి లాగితే, ఆగు. చెయ్యి ఊరికే ఉంటే దారి బాగుందని అర్థం.

ఆ దారి గుట్ట నడుము చుట్టూ తిరిగి మళ్లీ మొదటికే వస్తుంది. ఎప్పుడూ ఒకే కొస నుంచి ఎక్కుతారు. రెండో కొస నిటారుగా రాళ్లమెట్లలా ఉంటుంది, అది దిగడానికే గానీ బండితో ఎక్కడానికి పనికిరాదు. కాబట్టి ఎన్నిసార్లు తిరిగినా కుడిపక్క ఎప్పుడూ గుట్టే, ఎడమపక్క ఎప్పుడూ లోయే. అతను కుడి చూస్తాడు, ఆమె ఎడమ చూస్తుంది. రెండేళ్లుగా అలా జరిగిపోతోంది.

"ఆవలెల్లుండి తోటల మేనేజరమ్మ వస్తోంది," అన్నారు ఓనరుగారు. "ఆ అవతలి కొండల మీద పళ్లతోటలన్నీ ఆవిడ చేతికిందే. దారి బాగా చూపించావనుకో, ఇలాంటివి ఇంకా తీసుకుంటుంది. ఈలోగా చెయ్యి అలవాటు చేసుకో."

"నేను చూపిస్తానన్నా కదా బావా," అన్నాడు బావమరిది.

"ముందు ఇతన్ని చూపించనీరా. ఇతనివల్ల కాకపోతే అప్పుడు నువ్వు."

*

వార్త వాళ్లకంటే ముందే ఇల్లు చేరింది. చెప్పులు విప్పుతుండగానే అత్తగారు అందుకుంది.

"ఏమే, ఒక్కడి బండి వచ్చిందటగా? హమ్మయ్య. ఇకనైనా కొత్త పెళ్లికూతురిలా వాడి వీపుకి అతుక్కుని ఊరేగడం మానేస్తావు. నలుగురూ నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టుంది."

"సీటు చూడాలి కదా అత్తయ్యా."

"నీ సీట్లు నాకు తెలీవులే. ఏం, వాణ్ణి గుట్టమీద ఎవరైనా ఎత్తుకుపోతారా?"

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనకవైపు సింకు దగ్గరికెళ్లి గిన్నెలు ముందేసుకుంది. కాసేపటికి అతను వచ్చి పక్కన నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోటే, ఆమె తన కుడివైపు వచ్చేలాగ. కడిగిన గిన్నె ఒక్కొక్కటే తీసుకుని తుడుస్తున్నాడు. కిటికీలోంచి గుట్ట కనబడుతోంది. ఆఖరి వెలుగు దాని నెత్తి మీద ఇంకా ఉంది.

"చెప్పేద్దామా?" అంది.

"చెప్పేసి?"

"ఏమో. కడగడం కూడా పనేగా."

అతను గిన్నె తుడవడం ఆపాడు. "పనే. కాదనను. కానీ పొద్దున్నే ఆ మలుపు తిరిగేటప్పుడు గాలి మొహానికి కొడుతుంది చూడు... అది లేకపోతే నేనెవర్ని? అని అనిపిస్తోందే." గిన్నె పక్కన పెట్టి, "ఈ ఒక్కసారి గట్టెక్కితే చాలు. తర్వాత చూద్దాం," అన్నాడు.

తర్వాత చూద్దామని అతను ఇంతకుముందూ అన్నాడు. అయినా ఆమెకి కోపం రాలేదు. ఎందుకంటే ఆ మలుపు తనకీ కావాలి. ఇంటినుంచి, బల్లనుంచి, అత్తగారి నోటినుంచి, అన్నిటినుంచీ దూరంగా ఒక చుట్టు తిరిగొచ్చే వేళ అది. ఈ మాట మాత్రం పైకి అనలేదు.

"వెనకాల సామాన్లు పెట్టుకునే ఇనపచట్రం ఉంది చూశారా? దానిమీద మెత్త కుడతాను. నేను దానిమీద కూర్చుంటాను," అంది.

"కూర్చోకూడదని బొమ్మేసి మరీ చెప్పాడుగా."

"బొమ్మలో మనిషి సీటు మీద కూర్చున్నాడు. నేను చట్రం మీద కూర్చుంటా," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తప్పని తెలిసి నవ్విన నవ్వది.

మర్నాడంతా ఆ మెత్తతోనే సరిపోయింది. గట్టి స్పాంజిని రెండు పొరలుగా కోసి జిగురుతో అతికింది. అంచులు గుండ్రంగా చెక్కి, చేత్తో నొక్కి నొక్కి చూసింది. నల్ల రెక్సిను ఎండలో కాసేపు పెడితే సాగుతుంది. సాగిందాన్ని మోకాళ్ల మధ్య బిగించి, పళ్లతో దారం పట్టుకుని, లావు సూదితో రెండువరసల కుట్టు వేసింది. నాలుగు మూలలా బెల్టులు పెట్టింది. అంత శ్రద్ధగా ఆమె ఏ సీటూ కుట్టలేదు.

ఓనరుగారు చూసి, "ఇదేంటమ్మా?" అన్నారు.

"తోటవాళ్లు కదండీ. పళ్లబుట్టలు ఒరుసుకోకుండా."

"ఆహా! బుర్రంటే నీదమ్మా. ఇదిగో, చూసి నేర్చుకో," అని బావమరిదిని కేకేసి మరీ చూపించారు. ఆమె తలవంచుకుని దారం కొరికింది. పొగిడినప్పుడు మొహం దాచుకోవాల్సి రావడం ఆమెకి అదే మొదటిసారి.

*

ఆ మర్నాడు తెల్లవారకముందే బయల్దేరారు. మేనేజరమ్మ రావడానికి ఇంకా ఒక రోజుంది. ఊరు నిద్రలో ఉంది. పొగమంచు వీధుల్లోకి దిగి దీపస్తంభాలను నడుందాకా మింగేసింది. బండి చప్పుడు కూడా ఎక్కడో దూరంగా ఇంకెవరిదో వస్తున్నట్టు వినబడుతోంది. ఆమె మెత్త మీద కూర్చుంది, చెయ్యి అతని భుజం మీద వేసింది. భుజం వెచ్చగా ఉంది.

గుట్టదారి మొదలయ్యాక మంచు ఇంకా చిక్కబడింది. చెట్లు రావడం లేదు, చెట్ల నల్లటి ఆనవాళ్లు వచ్చి పోతున్నాయి. మోటారు సైకిలు మీదైతే ప్రతి గులకరాయీ నడుముకి తెలిసేది. ఈ బండి రాళ్లని మింగేసి మెత్తగా ఊగుతోంది. ఊగుతుంటే ఆమెకి నిద్రలో ఉన్నట్టే ఉంది. ఇద్దరం ఇంట్లోనే పడుకుని ఉన్నాం, ఇది కల, కలలో గుట్ట ఎక్కుతున్నాం అనిపించింది. కలలో కూడా చెయ్యి మాత్రం దాని పని అది చేస్తోంది. తట్టింది. నొక్కింది. వదిలింది.

"ఎలా ఉంది?" అని అరిచాడు అతను.

"పరుపులా ఉంది!"

అతను పకపకా నవ్వాడు. అతనలా నవ్వి ఎన్నాళ్లయిందో.

పెద్ద మలుపు ముందు దారిమీద ఒక రాయి ఉంటుంది, ఒంగిన ముసలమ్మ వీపులాంటిది. దాన్ని ఆమె ఎన్నిసార్లో దాటించింది. ఆమె కొలత అతని ఎడమ మోకాలు. మోకాలు దాటిందంటే బండీ దాటినట్టే. ఆ రోజూ అతని మోకాలి వంకే చూసింది. మోకాలు రాయిని తప్పించుకుంది. చెయ్యి ఊరికే ఉంచింది.

కొత్త బండికి చక్రం మోకాలికంటే జానెడు బయటికి ఉంది. ఆ సంగతి ఆమె కంటికి తెలుసు, చేతికి ఇంకా తెలీదు.

ఎడమచక్రం రాయెక్కింది. బండి కుడికి ఒరిగింది. వెనకాల ఆమె బరువు దాన్ని ఇంకా లాగింది. సీటు మీద ముందుకి జరగాల్సిన మనిషి ఆమె చెయ్యి కింద జరగలేక ఉండిపోయాడు. ముందుచక్రాలు లేచాయి. ఆమెకి ఒక్కసారిగా ఆకాశం కనబడింది, తర్వాత గడ్డి, ఆ తర్వాత మోచెయ్యి మంట. బండి రెండు చక్రాల మీద కాసేపు ఆలోచించి, దభాలున మళ్లీ నాలుగు చక్రాల మీద కూలబడింది.

"ఏయ్! ఎక్కడున్నావ్? పలకవే!" అతను గడ్డిలో చేతులతో తడుముతున్నాడు. ఆమె అతని ఎడమపక్కనే పడివుంది. బారెడు దూరంలో.

"ఇక్కడే ఉన్నానండీ. బానే ఉన్నాను."

అతను పాక్కుంటూ వచ్చి ఆమె మొహం రెండు చేతులా పట్టుకున్నాడు. "కుడికి ఒరిగింది కాబట్టి సరిపోయింది. ఇటు ఒరిగుంటే..." లోయవైపు చూపించబోయి మానేశాడు. "నిన్ను చంపేసేవాణ్ణే."

"మీరేం చేశారు? తట్టనిది నేను కదా. తప్పు నాది."

"నీదెలా అవుతుంది? నడిపేది నేను."

"చూసేది నేను."

"నాది."

"నాదంటుంటే!"

తప్పు కోసం అలా కాసేపు పోట్లాడుకున్నారు. పోట్లాడుతూనే ఆమె ఏడ్చింది, అతను తన చొక్కా అంచుతో ఆమె మోచెయ్యి తుడిచాడు. మంచు మెల్లగా తేలిపోతోంది. బండికి మడ్గార్డు మీద చిన్న గీత తప్ప ఏమీ కాలేదు. దాన్ని మళ్లీ కిందికి చేర్చాలి. ఆమె వెనకాల ఎక్కకూడదు, ఆమె లేకుండా అతను ఎక్కకూడదు.

ఇద్దరికీ ఒకేసారి తట్టింది ఆ ఆలోచన. పైకి అన్నది అతను.

"నువ్వు కూర్చో ముందు."

"నేనా? నాకు రాదు."

"బొటనవేలి కింద మీట ఉంది చూడు. నొక్కితే పోతుంది, వదిలితే ఆగుతుంది. అంతే. నేను పక్కన నడుస్తాను."

ఆమె కూర్చుంది. సీటు కొత్త స్పాంజి వాసన వేస్తోంది. మీట నొక్కింది, బండి ఎగిరిపడింది, వదిలేసింది. మళ్లీ నొక్కింది. అతను గుట్టవైపు నడుస్తూ, "మెల్లిగా... ఇప్పుడు వెనక్కి జరుగు... చేతులు బిగించకు," అంటున్నాడు. నాలుగడుగులు పోయాక అనడం తగ్గింది. మలుపు దగ్గర అసలేమీ అనలేదు. ఆమె ఆ మలుపు తిరిగింది. దారి సాఫీగా ఉంది. వేలు ఇంకొంచెం నొక్కింది. అతని అడుగుల చప్పుడు వెనకబడింది, తర్వాత వినబడలేదు.

అప్పుడు చూసింది కుడిపక్క. రాతి పగులులో తెల్లటి పూలు, గుత్తులుగుత్తులుగా. అతను రోజూ ఇంటికెళ్లాక చెప్పేవాడు, ఇవాళ రాళ్లలో పూలు విచ్చాయని. ఆమె ఊ కొట్టేది. ఎప్పుడూ చూడలేదు. ఎడమకి తిరిగింది. మంచు విడిపోయిన చోట లోయ తెరుచుకుని ఉంది. అడుగున ఏరు సన్నగా మెరుస్తోంది, ఏటి ఒడ్డున ఒక ఇల్లు ఉంది, దాని కప్పు నీలంగా ఉంది. రెండేళ్లుగా ఎడమే చూస్తోంది, కానీ ఆమె చూసింది అంచు. అంచులో రాళ్లు. వాటి అవతల ఇంత ఉందని చూసే తీరిక ఏనాడూ దొరకలేదు.

గాలి మొహానికి కొట్టింది. ఆమెకి ఆనందం వేసింది. ఆపుకోలేనంత ఆనందం. ఆ వెంటనే సిగ్గేసింది, అతని కంచంలోది లాక్కుని తిన్నట్టు.

బండి ఆపి ఎదురుచూసింది. అతను ఆయాసపడుతూ వచ్చాడు.

"ఎలా ఉంది?"

"భయమేసింది," అంది.

అతను మెడ తిప్పి, కుడికంటితో ఆమె మొహం చాలాసేపు చూశాడు. "అబద్ధం," అన్నాడు. ముందు నడిచాడు.

*

మేనేజరమ్మ వచ్చే రోజు పొద్దున షెడ్డుకి వెళ్లేసరికి చట్రం మీద మెత్త లేదు. ఆమె బల్లమీద పెట్టి ఉంది, బెల్టులు చుట్టి.

అతనే తీశాడు. అంటే ఒక్కడూ ఎక్కుదామనుకుంటున్నాడు. నిన్నంతా ముభావంగా ఉన్నది ఇందుకే. లోయ ఎడమపక్క ఉంటుంది. ఎడమపక్క అతనికి ఏమీ ఉండదు. పరుగున బయటికొచ్చింది.

గుట్ట మొదట్లో అందరూ నిలబడి ఉన్నారు. మేనేజరమ్మ మోకాళ్లదాకా బూట్లు వేసుకుంది, కళ్లద్దాలు తలమీదికి తోసుకుంది, ఎక్కువ మాట్లాడే మనిషిలా లేదు. ఓనరుగారు రెండో మనిషి మాట్లాడే చోటు లేకుండా మాట్లాడుతున్నారు. అతను అప్పటికే బండి ఎక్కి కూర్చున్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. ఇంజను ఆన్ చేశాడు.

"ఏవండీ," అంది ఆమె.

అతను ఇటు తిరగలేదు. ఆమె అతని ఎడమపక్క ఉంది.

"ఏవండీ, వద్దు."

బండి కదిలింది. ఆమె ఒక్క అంగలో వెళ్లి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది, గట్టిగా, బొత్తాం తెగేలాగ.

అతని చేతులు వాటంతటవే బ్రేకు వేశాయి.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత బావమరిది నవ్వు అందుకున్నాడు. "చూశారా మేడమ్, మా సీట్లక్కని! ఆవిడ ఎక్కకపోతే అన్నకి దారి కూడా తెలీదు కాబోలు!"

మెకానిక్కులు నవ్వారు. ఆమె చొక్కా వదల్లేదు. అతను ఇంజను ఆపాడు. బండి దిగాడు. తెగిన బొత్తాం కింద పడితే వంగి తీసి జేబులో వేసుకున్నాడు.

"నిజమేరా," అన్నాడు. "తెలీదు."

నవ్వు ఆగిపోయింది.

"నాకు ఎడమ కన్ను కనబడదు ఓనరుగారూ. చాలా రోజులైంది. ఇన్నాళ్లూ గుట్ట చుట్టూ మీ బండ్లు తిప్పింది ఈవిడ. నేను హ్యాండిలు పట్టుకున్నానంతే. ఇవాళ ఒక్కణ్ణే ఎక్కి చూద్దామనుకున్నాను, పంతానికి. లాగేసింది." బండి మీద చెయ్యి వేసి, "ఈ బండి బాగుంది. నిన్న తెల్లారి మొదటిసారి ఎక్కి ఈవిడే నడిపి తెచ్చింది. దారి చూపించాలంటే ఈవిడ చూపిస్తుంది," అన్నాడు.

ఓనరుగారి మొహం కందగడ్డలా అయింది. "ఇన్నాళ్లూ నా కళ్లల్లో దుమ్ము కొట్టావన్నమాట! ఎవరికైనా ఏదైనా అయ్యుంటే? ఆ?"

"అయ్యుండేదే," అన్నాడు అతను. "తప్పే."

ఆమెకి అప్పుడు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "తప్పేనండీ. ఇద్దరిదీ. కానీ ఆ గ్రైండరుకి అడ్డుగా అద్దం పెట్టించమని ఈయన అడిగారు. రజను కంట్లో పడకముందే అడిగారు. ఇప్పటికీ పెట్టలేదు."

ఓనరుగారు నోరు తెరిచి, మేనేజరమ్మ వంక చూసి, మూసుకున్నారు. మెకానిక్కులందరూ కాళ్లవంక చూసుకుంటున్నారు. ఆ గ్రైండరు దగ్గర రోజూ వంగేది వాళ్లే.

బావమరిది గొంతు సవరించుకుని, "నేను చూపిస్తాను మేడమ్," అన్నాడు.

"ఆగండి," అంది మేనేజరమ్మ, అద్దాలు కిందికి దించుకుంటూ. "మా తోటల్లో వీటిని నడపబోయేది ఆడవాళ్లే. నిన్న నేర్చుకున్నావిడ ఎలా తిప్పుతుందో అదే చూడాలి నాకు. ఎక్కమ్మా."

ఆమె భర్త వంక చూసింది. అతను సీటు మీది మట్టిని అరచేత్తో తుడిచి పక్కకి జరిగాడు.

ఆమె ఎక్కింది. ముసలమ్మ రాయి దగ్గర చక్రాన్ని చూసుకుంది, మోకాలిని కాదు. పక్కవాలు మీద గుట్టవైపు ఒరిగింది. ఎడమ భుజం మీద ఏ చెయ్యీ లేకపోవడం చుట్టు పొడుగునా తెలుస్తూనే ఉంది. రాళ్లమెట్లు మాత్రం కళ్లు మూసుకున్నంత పనిచేసి దిగింది. తిరిగొచ్చేసరికి మేనేజరమ్మ, "కుదుపు ఎక్కడ ఎక్కువుంది?" అని అడిగింది. ఆమె చెప్పింది. "మీరు వస్తారా మా వాళ్లకి నేర్పడానికి?" అని అడిగింది. ఆమె మెల్లగా బండి దిగింది.

ఆవిడ వెళ్లాక ఓనరుగారు అతనితో అన్నారు, కసిరినట్టు కాదు గానీ మొహం చూడకుండా: "ఇక గుట్టదారి వద్దయ్యా నీకు. రేపట్నుంచి కడిగే షెడ్డు." ఆమెతో, "ట్రయలు నువ్వు చూడమ్మా," అన్నారు. రెండడుగులు వేసి, ఎవరితోనో అన్నట్టు, "ఆ గ్రైండరుకి అద్దం తెప్పించండిరా," అన్నారు.

*

రేపటిదాకా ఎందుకనుకున్నాడో ఏమో, ఆ మధ్యాహ్నమే అతను నీళ్లగొట్టం పట్టుకున్నాడు. చక్రాల గాళ్లలో గుట్ట మట్టి ఇరుక్కుపోయింది. పుల్లతో ఒక్కో గాడీ గీకుతున్నాడు. ఆమె మెత్త కుట్లు విప్పుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆనందంగా లేదు, బాధగానూ లేదు. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో తెలియకుండా.

పని అయిపోయే వేళకి వెళ్లి అతని ముందు, కుడిపక్కన, నిలబడింది.

"రండి."

"ఎక్కడికి?"

"గుట్టకి."

"వద్దన్నారుగా."

"బండి మీద వద్దన్నారు. నడిచి వెళ్లొద్దని ఎవరన్నారు?"

దారి మొదలు వైపు నడవబోయాడు అతను. ఆమె చెయ్యి పట్టుకుని రెండో కొసకి లాక్కెళ్లింది, ఎప్పుడూ దిగడమేగానీ ఎక్కని రాళ్లమెట్ల దగ్గరికి. "ఇటునుంచా? మతిపోయిందా నీకు?" అన్నాడు. అంటూనే ఎక్కాడు. చేతులు, మోకాళ్లు ఆన్చి, ఒకరినొకరు లాక్కుంటూ, రొప్పుతూ ఎక్కారు. పైకొచ్చాక సన్నటి దారి మళ్లీ చదునైంది.

అతను నడుం నిటారుగా చేసుకుని నిలబడ్డాడు. తల తిప్పాల్సిన పని లేకపోయింది. గుట్ట ఎడమపక్క ఉంది. కుడిపక్కంతా లోయ.

సాయంకాలపు వెలుగు దాని నిండా నిలిచి ఉంది. ఏరు కొంచెంసేపు మెరిసి, కొంచెంసేపు మాయమవుతోంది. ఎవరో పశువులను తోలుకుంటూ వంతెన దాటుతున్నారు, ఏ చప్పుడూ పైకి రావడం లేదు. అతని కుడికన్నులోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఆ నీలం కప్పు ఇల్లు ఎప్పుడు కట్టారు?" అన్నాడు చివరికి.

"ఏమో. నేనూ నిన్ననే చూశాను."

"రోజూ ఎడమపక్కే చూసేదానివిగా?"

"రాళ్లు చూసేదాన్ని."

అతను ఆమె వంక చూశాడు. ఆమె భుజం పట్టి తన ముందుకి జరిపాడు, వెనకాల తాను నిలబడ్డాడు. "నడు. నువ్వు లోయ చూడు, నేను దారి చూస్తా," అన్నాడు.

ఆమె నడిచింది. అతని చెయ్యి ఆమె కుడిభుజం మీద ఊరికే ఉంది. కింద ఆ నీలం కప్పు ఇంట్లో దీపం వెలిగింది. ఎవరు వెలిగించారో, ఎవరి కోసమో అనుకుంటూ, అటే చూస్తూ నడుస్తోంది. భుజం మీద ఒక్కసారి తట్టాడు. ఆమె కిందికి చూడలేదు. కాలు కొంచెం ఎత్తి ముందుకి వేసింది. రాయి వెనకబడింది.